చావు ఇళ్లకు పాట వినబోయే గిరి

గిరి గొంతు మొదటిసారి చెవిన పడ్డప్పుడు, మా పాత బర్రెల కొట్టంలో ఎవరో ఎవరినో నరుకుతున్నారనుకుని నేను రోకలి పట్టుకుని పరిగెత్తాను. చూస్తే, గోడలకు గోనెపట్టాలు వేలాడగట్టుకుని, మధ్యలో నిలబడి, మెడ నరాలు తాళ్లలా ఉబ్బించి, కళ్లు మూసుకుని అరుస్తున్నాడు. మెడలో గిటారు. వెనక శ్యామ్ అనే స్నేహితుడు, పాత పగ ఉన్నవాడిలా డ్రమ్ములను బాదుతున్నాడు. నెత్తురూ లేదు, శవమూ లేదు.

“ఏమిరా, ఎవుర్ని చంపతా ఉండారు?” అని అడిగాను.

“పాట అవ్వా. మెటల్ అంటారు,” అన్నాడు గిరి.

“ఇది పాటయితే మా బర్రెలు ఇన్నేండ్లూ కచేరీ చేసినట్టే పో.”

శ్యామ్ పుల్లలు పక్కన పడేసి పడీపడీ నవ్వాడు. గిరి నవ్వలేదు. “బర్రె ఈనేటప్పుడు అరస్తాదే, దాంట్లో పాట ఉండాది అవ్వా. నువ్వు పాల మీద కన్నేసి వినలేదు, అంతే,” అన్నాడు.

నేను మూడో తరగతి మధ్యలో పలక పగలగొట్టి బడి మానేసినదాన్ని. అయినా మద్రాసు వ్యాసర్పాడిలో నాకు ఎదురు మాట్లాడి గెలిచినవాళ్లు లేరు. ఆ పూట మాత్రం రోకలి భుజాన వేసుకుని ఇంట్లోకి వచ్చేశాను. వాడి మాట నిజం. బర్రె ఈనేటప్పుడు నేను ఎప్పుడూ దూడ కోసమే చూశాను.

గిరి మా వీధి గదిలో అద్దెకుండేవాడు. మాలాగే తాతల తాతల నాడు ఈ పట్నానికి వచ్చి పాతుకుపోయిన తెలుగువాళ్లే. తల్లి లేదు. తండ్రి తిరువొత్తియూరులో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఒకసారి ఆ తండ్రి వచ్చి, కొడుకు ఆడదానిలా జుట్టు పెంచాడని నడివీధిలో బెల్టుతో వీపు చీరేసి, తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని కత్తెర ఆడించాడు. సగం తల అయ్యాక గిరి విడిపించుకున్నాడు. మిగిలిన సగం కోయించుకోమని ఎంతమంది చెప్పినా వినలేదు. కోసినవైపు మళ్లీ పెరిగేదాకా అట్లాగే తిరిగాడు. మనలి ఊళ్లో ట్యాంకులు చేసే వర్క్‌షాపులో వెల్డింగు పనికి కూడా ఆ సగం తలతోనే పోయాడు.

తండ్రి మీద చెయ్యి లేపలేదు కానీ, లేపడం రాక కాదు. వర్క్‌షాపులో ఒకడు గిరిని, చచ్చిపోయిన తల్లి పేరెత్తి తిట్టాడు. గిరి కొట్టిన దెబ్బకు ఆ మనిషి పన్ను విరిగి గిరి వేలి గణుపులోనే దిగబడింది. నేనే పట్టకారుతో లాగి పసుపు పెట్టాను. కోపం వచ్చిందంటే వాడి కళ్లకు ఎదురుగా ఉన్నది మనిషని తెలియదు. అది పోవడానికే ఆ అరుపులన్నీ అనుకుంటాను.

గదినిండా బర్మా బజారు నుంచి తెచ్చిన క్యాసెట్లు, పుర్రె బొమ్మల నల్ల బనియన్లు. వీధి మొగలో ఇడ్లీలు అమ్మే ఆరోగ్యమేరి వాడి గుండె మీది పుర్రెను చూసినప్పుడల్లా శిలువ గుర్తు వేసుకునేది. వేసుకుంటూనే ఒక ఇడ్లీ ఎక్కువ పెట్టేది. దయ్యాన్ని కొలుస్తాడని కొందరు, గంజాయని కొందరు. వాడు టీ తప్ప ఏదీ ముట్టడు.

అట్లాంటివాడు సెలవు దొరికితే ఎక్కడికి పోయేవాడంటే, చావు ఇళ్లకు.

మా పక్క మనిషి పోతే ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, తలలు విరబోసుకుని, పోయినవాళ్ల కథను పాటగా కట్టి ఏడుస్తారు. ఒప్పారి అంటారు. గూడ్సు యార్డులో బస్తాలు మోసే రాసాత్తి దానిలో మొనగత్తె. గుమ్మిడిపూండి వైపు తెలుగు మనిషి. పోయినవాళ్లది ఏ భాషయితే ఆ భాషలో ఏడుస్తుంది. ఆమె గొంతెత్తితే, పోయినవాడితో పాతికేళ్లు మాటల్లేని పగవాడు కూడా వచ్చి పాడెకు భుజం పట్టేవాడు.

ఎక్కడ చావుడప్పు, పరై, మోగినా గిరి అక్కడ ఉండేవాడు. మగవాళ్ల బెంచీ మీద కూర్చోడు. రాసాత్తి వెనక గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, తల కొంచెం కొంచెం ఊపుతూ వింటాడు. పోయినవాడు చుట్టమా పక్కమా! ఒక ఇంట్లో కొడుకులకు ఒళ్లు మండింది. “మా నాయన సస్తే నీకు తాళమారా?” అని కింద పడేసి తన్నారు. పెదవి రెండుగా చీలింది. ఆ కుట్లతోనే ఇంకో చావు ఇంటికి పోయాడు.

శ్యామ్‌ది ఇంకో రకం పిచ్చి. షావుకారుపేటలో మిరపకాయల మండీ కోటిలింగం ఒక్కగానొక్క కొడుకు, సొంత లారీలున్న ఇంటి పిల్లవాడు. పెళ్లి ఊరేగింపు కనపడితే చాలు, డోలు వాయించేవాడి పక్కన చేరి వాడి వేళ్ల తొడుగుల వైపు చూస్తూ మైళ్లు నడిచేవాడు. ఆ దెబ్బలు తెచ్చి నా కొట్టంలో ఆ దొరల పాటల్లో కలిపేవాడు.

“ఏమిరా గిరీ, వాడిదన్నా మంగళం,” అన్నాను ఒక రోజు. “నీకు ఈ ఏడుపు మీద ఏమిరా ఆశ?”

“అవ్వా, మా పాటోళ్లు చావు గురించి శానా అరస్తారు. పుర్రెలు, గోరీలు, నెత్తురు. వాళ్లకి అది బొమ్మ. రాసాత్తి అత్తకి బొమ్మ కాదు. ఆమె గొంతు పైకి పోయి ఒకచోట చినగతాదే, ఆ చినుగుడు నాకు రావాలంటే మైకుకు మిషను పెట్టుకోవాల. ఆమెకు మిషను ఒద్దు.”

“అట్టయితే నేను పోయేదాకా ఆగు. దగ్గరుండి నేర్చుకుందువు.”

“నువ్వు పోతే ఎవరు ఏడస్తారవ్వా, వీధంతా పాయసం కాస్తారు,” అన్నాడు శ్యామ్.

చెప్పు తీసుకుని తరిమాను వాణ్ని. ఎంత బంగారంలా నవ్వేవాడో.

గిరి ఒకసారి రాసాత్తిని కొట్టంలోకి పిలిచి, టేపురికార్డరు ముందర కూర్చుని ఏడవమన్నాడు. ఆమె లాగి చెంప మీద కొట్టింది. “పీనుగ లేని తావులో ఒప్పారి పెడితే చావును పిలిచినట్టురా! బతికుండేవాడి పేరు పెట్టి ఏడిస్తే వాడు సచ్చినట్టే లెక్క. మళ్లా వాడికి ఎవురూ నీళ్లు కూడా పోయరు. తెలిసే అడిగితివా?” వాడు చెంప తడుముకుని, “తెలీదత్తా, తప్పు,” అన్నాడు. మర్నాడు తమలపాకులు, వక్కా తీసుకుపోయి ఇచ్చాడు. ఆ తర్వాత ఆమే ఏ చావు ఇంట్లోనయినా కూర్చునేముందు వెనక్కి తిరిగి చూసేది. “యాడ మా నల్లోడు? వచ్చినాడా?” అని.

రాసాత్తికి ఒక్కడే కొడుకు, నాగప్పన్. వాడి గురించి మంచి మాట ఒకటి చెప్పాలని నేను చాలా వెతికాను, తల్లి దగ్గర పిల్లిపిల్లలా ఉండేవాడన్నది తప్ప దొరకలేదు. సుబ్బన్ అనే రౌడీ కింద పని. మనలి రోడ్డులో నిలిచే లారీల నుంచి డీజిలు పీల్చి అమ్మడం సుబ్బన్ వ్యాపారం. అడ్డం వచ్చినవాడి చెయ్యో కాలో తీయడం నాగప్పన్ వంతు. తల్లికి అవేవీ కనపడవు. “నా బిడ్డ లోడుతో పోయినాడు,” అనేది, ఎప్పుడడిగినా.

మద్రాసు పేరు చెన్నై అని మార్చిన ఏడాది, సుబ్బన్ మనుషులు కోటిలింగం లారీ డ్రైవరు తల పగలగొట్టి డీజిలు తోడుకున్నారు. శ్యామ్ ఊరుకోలేదు. పోలీసులను వెంటపెట్టుకుని పోయి, “వీడే” అని సుబ్బన్‌ను వేలు పెట్టి చూపించాడు. సుబ్బన్‌ను లోపల వేశారు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లవాడికి బుద్ధి లేదని.

కొద్ది రోజులకే ఒక పొద్దున శ్యామ్ బస్సు దిగి మా కొట్టానికి వస్తున్నాడు. వీధి మొగలో, ఆరోగ్యమేరి ఇడ్లీ పొయ్యి ముందర, ముఖాలకు తువ్వాళ్లు కట్టుకున్న ఇద్దరు అడ్డం వచ్చారు. పెద్ద కొడవలితో మొదటి దెబ్బ మెడ మీద వేశారు. రెండో దెబ్బకు శ్యామ్ చెయ్యి అడ్డం పెట్టాడు. మిగతావి పడ్డాక వేశారు. కేక విని నేనూ గిరీ పోయేసరికి ఇడ్లీ పిండి, నెత్తురు కలిసి కాలవలోకి పోతున్నాయి. కుడిచెయ్యి మణికట్టు దగ్గర తోలుతో వేలాడుతోంది. గిరి ఆ చేతిని ఎత్తి, తెగినచోట రెండు అంచులూ ఆనించి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. వెల్డింగుకు ముందు రెండు ముక్కలను కలిపి పట్టుకుంటారే, అట్లా. ఊపిరి పోయాక కూడా వదల్లేదు. పోలీసులు వచ్చి వేళ్లు ఒక్కొక్కటే ఊడదీయాల్సి వచ్చింది.

ఎవరూ చూడలేదన్నారు. తలుపులన్నీ మూసుకున్నాయి. “నేను కండ్లు మూసుకునింటి సామీ,” అంది ఆరోగ్యమేరి పోలీసులతో. లోపలి నుంచే చేయించింది సుబ్బనని పసిపిల్లలకు కూడా తెలుసు. కొడవలి ఎవరు పట్టారో మాత్రం తెలియదు. నాగప్పన్ మీద అనుమానం రావాల్సిందే, కానీ వాడు అంతకుముందే లోడుతో గూడూరు పోయాడని రాసాత్తి వీధంతా చెప్పి ఉంది.

గిరి వర్క్‌షాపులో ఒక ఇనుప కడ్డీకి మొన తీసి తెచ్చుకున్నాడు. “ఎవుడో తెలిస్తే సాలు,” అన్నాడు. పారేయమని నేను చెప్పలేదు. శ్యామ్ నా చేతి గంజి తాగిన పిల్లవాడు.

శవం షావుకారుపేట చేరింది. ఆ ఇంట్లో ఏడుపు వినపడటం లేదు. ఎవరో క్యాసెట్టులో భజన పెట్టారు. శ్యామ్ తల్లి కన్యకను మేడ మీద గదిలో కూర్చోబెట్టి, గట్టిగా ఏడవకూడదని చెప్పి పక్కన ఇద్దరు ఆడవాళ్లను కాపలా పెట్టారు. గిరి రాసాత్తిని తీసుకువచ్చాడు. కోటిలింగం గుమ్మంలోనే ఆపాడు.

“మా ఇండ్లల్లో ఈ అలవాటు లేదు నాయనా. ఏమనుకోవద్దు. పంపించేయి,” అన్నాడు. ఆయన పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

“రోడ్డు మీద కూర్చుంటే మీది కాదు కదా,” అన్నాడు గిరి.

రాసాత్తి ఎదురుగా రోడ్డు మీదే కూర్చుంది. కూర్చుని ఒక మాట అడిగింది. ఒప్పారిలో వరస లేకుండా పిలవకూడదు, అన్నా అనో, మామా అనో ఏదో ఒకటి కావాలి. “ఆ పిల్లోడు నాకు ఏమవతాడురా? ఏ వరస పెట్టేది?”

“నేను నీకు ఏమవతానో వాడూ అదే.”

“అట్టయితే కొడుకే,” అని తల ముడి విప్పింది.

*దరువు వేసే నా కొడకా, దారిలోనే పడితివా,*
*పెండ్లిడోలు వినే చెవికి పాడెడప్పు పెట్టిరే,*
*పాలు పోసిన నోట్లోనే బియ్యం పోసే నాడాయె,*
*నేను కన్న నీ చేతిని తాటిమట్టలా నరికిరే…*

మిరపకాయల బస్తాలు మోసే కూలీలు బండ్లు ఆపేశారు. మేడ మీద కిటికీ ధడాలున తెరుచుకుంది. కన్యక అప్పటిదాకా లోపల బిగబట్టుకున్నదంతా ఒక్క కేకగా బయటికి వచ్చింది. కోటిలింగం తలెత్తి చూశాడు, ఎవరినీ ఆపమనలేదు. గిరి దీపస్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు తల ఊపలేదు.

పాడె కదిలేటప్పుడు రాసాత్తి రోడ్డు పక్క మన్ను దోసిళ్లతో ఎత్తి గాల్లోకి చల్లింది. “నిన్ను నరికిన చెయ్యి పుచ్చిపోవాల! వాడి పాడె మొయ్యను మనిషి దొరకకూడదు! నా కడుపు మండినట్టు వాడి తల్లి కడుపు మండాల! వాడిని కన్నదే వాడికి తల విరబోసుకోవాల!” అంది. మన్నెత్తి పోసిన శాపం మా పక్క మాటవరసకు పెట్టేది కాదు. తగిలి తీరుతుందని అందరికీ నమ్మకం. నేను కూడా ఒక పిడికెడు చల్లాను.

మర్నాడు మధ్యాహ్నం నేనూ గిరీ రాసాత్తి గుడిసెకు పోయాం. గొంతు పూడుకుపోయి ఉంటుందని నేను మిరియాల కషాయం తీసుకుపోయాను. ఆమె తాగుతుండగా ఆరోగ్యమేరి వచ్చింది. కొంగు నెత్తి మీద లేదు. వచ్చీరాగానే రాసాత్తి కాళ్ల మీద పడింది.

“ఆ మన్ను ఎనక్కి తీసుకోవే! నిన్న నువ్వు పోసిన మన్ను!”

“పిచ్చా నీకు? చల్లిన మన్ను ఏరుకుంటారా యాడన్నా?”

“తీసుకోవే పాపిష్టిదానా! అది నీ కొడుకు మీదే పడింది!”

కషాయం చెంబు రాసాత్తి చేతిలోనే ఉంది. ఒలకలేదు. ఆరోగ్యమేరి చెప్పేసింది. శ్యామ్ పడిపోతూ ఒకడి తువ్వాలు పట్టి లాగాడట. ముఖం బయటపడింది. “నీ కొడుకు నన్ను చూసినాడే. అంత నెత్తుట్లో ‘పెద్దమ్మా’ అన్నాడు. ‘పెద్దమ్మా, నువ్వు చూడలా’ అన్నాడు. నోరు మూసుకునింటి. నువ్వు మన్ను పోసినావని తెలిసినాక మూసుకోలేక పోతినే.”

“వాడు గూడూరు పోయినాడే,” అంది రాసాత్తి, చిన్నగా.

“పోలా. యార్డులో ఉండాడు, పాడుపడిన వ్యాగన్ల ఎనక. నా దగ్గరే ఇడ్లీ తెప్పించుకుంటా ఉండాడు.”

నేను తల తిప్పేసరికి గిరి లేడు.

వాడి వెనకే ఇంటికి పరిగెత్తాను. కడ్డీ తీసుకుని గదిలోంచి బయటికి వస్తున్నాడు. నిన్నటిదాకా శ్యామ్‌ను నరికినవాణ్ని చంపేయాలనే నేనూ అనుకున్నాను. ఒలకకుండా పట్టుకున్న ఆ చెంబును చూశాక ఆ మాట లోపల నిలవలేదు. గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపాను.

“ఆమెకు ఒక్కడేరా గిరీ.”

“కోటిలింగం గారికి ఎంతమంది?”

“వాడిని చంపి ఆమె ఏడుపు వింటావా? అదీ తల ఊపుకుంటా వింటావా?”

వాడి ముఖం ఎవరో చరిచినట్టు అయింది. నన్ను చంటిపిల్లలా ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టి, వెళ్లిపోయాడు.

నేను ఆయాసపడుతూ యార్డు చేరేసరికి మొదలయిపోయింది. నాగప్పన్ చేతిలో కొడవలి ఉంది. మొదటి దెబ్బ వాడిదే, గిరి కుడి భుజం ఎముక కనపడేదాకా తెగింది. గిరి కడ్డీని ఎడమచేతికి మార్చుకుని మోకాలి మీద కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడయింది. పడ్డవాడి దవడ మీద ఇంకోటి కొట్టాడు. కొడవలి పట్టిన చేతిని కాలితో రైలు పట్టా మీద తొక్కి పట్టి, వేళ్లు పనికిరాకుండా పోయేదాకా కొట్టాడు. బస్తాలు దించే కూలీలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఎవరూ దగ్గరికి పోలేదు. నేనూ పోలేకపోయాను. వాడి కళ్లకు ఎదురుగా ఉన్నది మనిషని తెలియడం లేదు.

గుండెల మీద ఎక్కి కూర్చుని కడ్డీ మొన గొంతు గుంటలో ఆనించాడు. తెగిన భుజం నుంచి నెత్తురు నాగప్పన్ ముఖం మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

“పేరు చెప్పరా. ఎవుర్ని నరికినావో పేరు చెప్పి సావు.”

“నాకు పేరు తెలీదు. చూపించినారు, నరికినా,” అన్నాడు నాగప్పన్, పళ్లలోంచి నెత్తురు ఊస్తూ. “పొడు. పొడవరా. భయమా?”

అప్పుడు కూలీలు పక్కకు జరిగారు. రాసాత్తి వచ్చింది.

“అత్తా, రావద్దు,” అన్నాడు గిరి తల తిప్పకుండానే. “నీ కాళ్లకు మొక్కతా. అడ్డం రావద్దు.”

“నేను అడ్డం రాలేదు నాయనా. నువ్వు నీ పని చూసుకో.”

ఆమె కంకర మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. తల ముడి విప్పింది. ఏమి చేయబోతోందో అందరికంటే ముందు నాగప్పన్‌కే తెలిసింది. కడ్డీ కింద బెదరనివాడు ఒక్కసారిగా గింజుకున్నాడు. “అమ్మా, వద్దు!” అన్నాడు.

*గూడూరు పోతానంటివే కొడకా, గుంటలోకే పోతివా,*
*నేను చల్లిన మన్నే నా తండ్రీ నీ కంట్లో పడెనా,*
*ఉగ్గు పోసిన నా చేతులే నీ ఉసురు తీసెనా,*
*నాకు కొరివి పెట్టాల్సినోడికి నేనే తల విరబోస్తినే…*

కూలీ ఆడవాళ్లు చెవులు మూసుకుని వెనక్కి పరిగెత్తారు. బతికున్న కొడుకు ముందర కూర్చుని తల్లి ఒప్పారి పెట్టడం నేను విననైనా వినలేదు.

“అమ్మా, నేను సావలా! ఇదో ఉండానమ్మా! ఇట్ట చూడమ్మా!”

ఆమె చూడలేదు. వాడు ఉన్నచోట ఏమీ లేనట్టు, వాడి మీదుగా ఎక్కడో చూస్తూ ఏడుస్తోంది. వాడికి అమ్మవారు పోసినప్పుడు వేపాకు పరిచి పడుకోబెట్టింది, తొలిసారి లారీ ఎక్కి చెయ్యి ఊపింది, అన్నీ అయిపోయిన కథలా వరసగా ఏడుస్తోంది. నరికి వచ్చిన చేతిని కూడా విడిచిపెట్టలేదు. శ్యామ్ పేరు కూడా దానిలో పెట్టింది, వాడు తెలియదన్న పేరు. నాగప్పన్ పసిపిల్లలా ఏడుస్తూ, “అమ్మా, అమ్మా” అని నలిగిపోయిన చెయ్యి చాపుతున్నాడు.

గొంతు పైకి పోయి చినిగేచోటుకు వచ్చింది. గిరి కళ్లు మూసుకుపోయాయి. ఒక మనిషి గొంతులో మొన పెట్టి కూర్చుని కూడా వాడు వింటున్నాడు. తర్వాత వాడే నోరు తెరిచాడు. కొట్టంలో అరిచే అరుపే. మిషను లేదు, గిటారు లేదు. ఆమె గొంతు పక్కనే అదీ చినిగింది. శ్యామ్ పోయినప్పటి నుంచి వాడు ఏడవలేదని నాకప్పుడు తట్టింది.

అరుపు ఆగేసరికి కడ్డీ కంకరలో పడి ఉంది. గిరి లేచి పక్కకు వచ్చి పట్టా మీద కూలబడ్డాడు. నేను కొంగు చింపి భుజం కట్టాను.

“ఎందుకు వదిలేస్తివిరా?” అన్నాను.

“చంపేదానికి ఎవుడుండాడవ్వా? ఆమె చంపేసింది.”

రాసాత్తి పాట ముగించి లేచింది. యార్డు కొళాయి కింద తల ముంచుకుంది, చావు ఇంటి నుంచి పోయేవాళ్లు చేసినట్టే. తడిబట్టలతో ఇంటికి నడిచింది. విరిగిన కాలు ఈడ్చుకుంటూ నాగప్పన్ ఆమె వెనక పాకాడు. కూలీలు వాడి నీడ తగలకుండా తప్పుకున్నారు. నీళ్లడిగితే ఎవరూ పోయలేదు. చివరకు పోలీసులు వచ్చి ఎత్తుకుపోయారు. నరికింది తానేనని, చెప్పింది సుబ్బనని వాడే ఒప్పుకున్నాడు. నిన్నెవరు కొట్టారంటే, “ఎవురూ కొట్టలా, పడినా” అన్నాడు. చచ్చినవాడు ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు! జైల్లో చూడటానికి సుబ్బన్ మనుషులు కూడా పోలేదు.

గిరి వర్క్‌షాపు పని వదల్లేదు. కొన్నాళ్లకు కొట్టంలో మళ్లీ అరుపులు మొదలయ్యాయి, డ్రమ్ము మాత్రం లేదు. రాసాత్తి ఆ తర్వాత ఏ చావు ఇంట్లోనూ గొంతెత్తలేదు. పిలిస్తే వస్తుంది, కూర్చుంటుంది, నోరు తెరవదు.

కానీ దానికి ముందు కొడుక్కు కర్మాంతరం పెట్టింది. పెట్టి తీరాలంది. అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు, వాడికి ఇష్టమని నెత్తళ్ల చేపల వేపుడు. వీధిలో ఇంటింటికీ పోయి పిలిచింది. బతికున్నవాడి కర్మకూడు ఎవరు తింటారు? తలుపుల సందుల్లోంచి చూశారు తప్ప ఒక్కరూ రాలేదు. ఆరోగ్యమేరి కూడా రాలేదు. గుడిసె ముందర ఆకులు పరిచి, ఈగలు తోలుకుంటూ ఆమె కూర్చుంది. పులుసు చల్లారిపోయింది.

గిరి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నాడో, భుజాల దగ్గర బిగుతు. కుడిచెయ్యి మెడకు కట్టి వేలాడుతోంది. ఒక ఆకు ముందర కూర్చున్నాడు. రాసాత్తి వడ్డించింది. వాడు ఎడమచెయ్యి చూసుకుని ఆగిపోయాడు. కర్మకూడు ఎడమచేత్తో తినకూడదు.

ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, పులుసు కలిపి, ముద్ద చేసి వాడి నోటికి పెట్టింది.

నేను కూర్చోలేదు. మా వంశంలో ఎవరూ ఆ గుడిసెల్లో ఆకు ముందు కూర్చున్నది లేదు. నీళ్ల చెంబు మాత్రం ముంచి తెచ్చి వాడి పక్కన పెట్టాను.

“ఉప్పు తక్కువాయెనేమో,” అంది రాసాత్తి.

“లేదత్తా, సరిగ్గా ఉండాది,” అన్నాడు వాడు, నోటినిండా ముద్దతో. ఆమె ఇంకోటి కలిపింది.